పాత డాక్స్ జోలికి పోకుండా, మారిన లైన్లకే స్టైల్ చెక్ పెట్టడం ఎలా?

మేం నలుగురం ఖాళీ వేళల్లో నడుపుతున్న చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇది. డాక్స్ అన్నీ మార్క్‌డౌన్‌లోనే. రివ్యూలో ప్రతిసారీ కామాల గురించి, హెడ్డింగుల గురించి చెప్పి చెప్పి విసుగొచ్చి, గిట్‌హబ్ యాక్షన్స్‌లో (మార్పు వచ్చినప్పుడల్లా చెక్‌లను దానంతటదే నడిపే సేవ) వేల్ (Vale, రాత శైలిని చెక్ చేసే టూల్) పెట్టాను, మైక్రోసాఫ్ట్ స్టైల్ ప్యాకేజీతో.

అక్కడే చిక్కు మొదలైంది. ఎవరైనా ఒక్క అక్షరదోషం దిద్దినా, ఆ ఫైల్లోని పాత తప్పులన్నీ వాళ్ల నెత్తిన పడుతున్నాయి. మొదటిసారి వచ్చినవాళ్లు ఆ ఎర్ర గుర్తు చూసి మళ్లీ కనిపించట్లేదు. (నేనైనా అంతే చేస్తాను.)

రివ్యూడాగ్‌లో (చెక్‌లో దొరికిన తప్పులను రివ్యూ కామెంట్లుగా పెట్టే టూల్) ఫిల్టర్ మోడ్‌ను 'యాడెడ్' అని పెడితే కొత్త లైన్లకే కామెంట్లు వస్తున్నాయి. కానీ ఫోర్క్ (బయటివాళ్లు తీసుకున్న మా రిపో కాపీ) నుంచి వచ్చే పుల్ రిక్వెస్టులకు (మార్పులు కలపమనే అభ్యర్థనలకు) టోకెన్, అంటే వర్క్‌ఫ్లోకు అనుమతులిచ్చే తాళంచెవి, రీడ్-ఓన్లీ కాబట్టి కామెంట్ పెట్టలేకపోతోంది. 'పుల్_రిక్వెస్ట్_టార్గెట్' (ఫోర్క్ నుంచి వచ్చినా వర్క్‌ఫ్లోకు రాసే అనుమతి ఇవ్వగల ట్రిగర్) వాడమన్నారు ఒకరు. బయటివాళ్ల కోడ్‌ను చెకౌట్ చేస్తూ రాసే అనుమతి ఉన్న టోకెన్ ఇవ్వాలంటే నాకు భయం.

చెక్‌ను ఒక వర్క్‌ఫ్లోలో నడిపి, కామెంట్‌ను 'వర్క్‌ఫ్లో_రన్'తో (ఒక వర్క్‌ఫ్లో ముగిశాక ఇంకొకదాన్ని నడిపే ట్రిగర్) వేరేగా పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక వేల్‌లో మినిమమ్ అలర్ట్ లెవెల్‌ను 'ఎర్రర్'కి పెంచి (పెద్ద తప్పులే చూపించేలా), పాత ఫైళ్లను మెల్లగా శుభ్రం చేసుకోవడమే మేలా?