నేలపట్టు, పులికాట్ ఒక్క రోజులో అవుతాయా? అమ్మానాన్నలు, పాపతో వెళ్తున్నాం, సలహా ఇవ్వండి

మియాపూర్ అమ్మాయి:

అందరికీ నమస్తే. సంక్రాంతి హడావుడి అయ్యాక అమ్మానాన్నల్ని, మా పాపని తీసుకుని నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు చూడటానికి వెళ్దామనుకుంటున్నాం. పాపకి తొమ్మిదేళ్ళు, స్కూల్లో వలస పక్షుల పాఠం అయినప్పటి నుంచి ఫ్లెమింగోలు చూపించమని ఒకటే గోల. నాన్న రిటైరయ్యాక ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, ఆయనకీ ఇలాంటివి ఇష్టం.

నేననుకున్నది ఇదీ. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి గూడూరులో దిగి, అక్కడ కారు మాట్లాడుకుని ముందు పులికాట్ వెళ్ళి ఫ్లెమింగోలు చూసి, బోటెక్కి, మధ్యాహ్నం భోజనం చేసి నేలపట్టు, వీలైతే తడ దగ్గరున్న ఉబ్బలమడుగు జలపాతం కూడా చూసుకుని రాత్రికి మళ్ళీ గూడూరులో రైలు. ఇదంతా ఒక్క రోజులో అవుతుందా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు, మెట్లెక్కలేదు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో వెళ్తే పాపకి బాగుంటుందా, లేక అప్పుడు జనం ఎక్కువై ఇబ్బందా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

దొరవారిసత్రం వాసి:

అక్కా, మాది నేలపట్టు పక్కనే. మీ ప్లాన్‌ని తిరగేసుకోండి, చాలావరకు సర్దుకుంటుంది. గూడూరు నుంచి హైవే మీద వస్తుంటే నాయుడుపేట దాటాక ముందు తగిలేది మా దొరవారిసత్రమే, హైవే దిగితే నేలపట్టు ఓ రెండు కిలోమీటర్లు. సూళ్ళూరుపేట ఇంకా కిందికి పోవాలి. అంత దూరం పోయి మళ్ళీ మిట్టమధ్యాహ్నం వెనక్కి రావడం ఎందుకు? పైగా నేలపట్టుని మధ్యాహ్నం చూడకూడదు, ఎండకి పక్షులూ నీరసంగా ఉంటాయి, చూసేవాళ్ళూ నీరసపడతారు. గూడూరులో దిగి ముఖం కడుక్కుని టిఫిన్ చేసి నేరుగా ఇక్కడికి రండి, ఎనిమిదికల్లా గేటు దగ్గరుంటే చాలు.

జనవరి మంచి సమయమే. మాకు వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబర్‌లో చెరువుకి నీళ్ళు చేరితే గూడబాతులు (పెలికాన్లు) దిగడం మొదలవుతుంది, నీళ్ళలోనే నిలబడి ఉండే కడప చెట్ల మీద గూళ్ళు కడతాయి. మీరొచ్చేసరికి చాలా గూళ్ళలో పిల్లలుంటాయి. పాపకి తప్పకుండా చూపించాల్సింది ఒకటుంది. తల్లి చేపలతో వచ్చి వాలగానే గూడబాతు పిల్ల తన తలంతా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది, మెడ దాకా లోపలే ఉంటుంది, తిన్నంతసేపూ రెక్కలు కొట్టుకుంటూనే ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల్లే పిల్లని మింగేస్తోందని కంగారుపడతారు. ఆ పక్క చెట్ల మీదే నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు, శబరికొంగలు ఉంటాయి. తొమ్మిది, పది మధ్య ఎండ కాస్త వేడెక్కగానే గూడబాతులు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేచి పులికాట్ వైపు మేతకి పోతాయి, అది కూడా చూసి కదలండి.

అమ్మగారి గురించి దిగులు పడొద్దు. వాచ్‌టవర్ ఎక్కకపోయినా చెరువు కట్ట మీద నుంచే గూళ్ళు బాగా కనిపిస్తాయి. మెల్లగా నడిపించుకుని వచ్చి ఒకచోట కూర్చోబెడితే సరి, వీలైతే మడత కుర్చీ ఒకటి తెచ్చుకోండి.

ఇంకో మాట, ఇది మా ఊరివాళ్ళందరి తరఫునా అనుకోండి. 1976లో ప్రభుత్వం దీన్ని పక్షుల కేంద్రంగా ప్రకటించింది గానీ, మా పెద్దవాళ్ళు అంతకుముందు నుంచే వీటిని కాపాడుకుంటూ వచ్చారు. మా ఊళ్ళో వీటిని దేవతా పక్షులంటారు. రెట్టలు పడ్డ చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు వేసినంత బలం, అందుకే పక్షులు బాగా దిగిన ఏడాది పంటకి ఢోకా లేదని రైతుల నమ్మకం. దీపావళి దగ్గరికొస్తే టపాకాయల సంగతి కూడా ఆలోచించి కాలుస్తాం. దయచేసి వచ్చినవాళ్ళు ఈలలు వేయడం, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపడం చేయొద్దు. మీకు ఫోటోకి బాగుంటుంది కానీ, పెద్ద పక్షి గూడు మీద నుంచి లేచిందంటే ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఎండలో పిల్లల మీద గొడుగు పట్టినట్టు రెక్కలు చాచి నిలబడే కొంగలుంటాయి, అవి లేచిపోతే పిల్లలు మాడిపోతాయి.

కెమెరా సంచి:

పై అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను పులికాట్ వైపు సంగతి చెప్తాను.

ఫ్లెమింగోలు చూడటానికి సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డే సరైనది, సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు అది, షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాకా దాదాపు 20 కిలోమీటర్లు, రెండు వైపులా నీళ్ళే. కారు దిగకుండా కూడా చూడొచ్చు కాబట్టి అమ్మగారికి ఇబ్బంది ఉండదు. అయితే ఇక్కడ అందరూ మర్చిపోయేది నీటి లోతు. ఫ్లెమింగో ఈదుతూ తినే పక్షి కాదు, నిలబడి తినేది. తల కిందులుగా వంచి, ముక్కు నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద తొక్కుతూ పైకి లేచిన నాచునీ చిన్న చిన్న పురుగుల్నీ వడకట్టుకుంటుంది. మోకాలి లోతు నీళ్ళు కావాలి దానికి. ఆ ఏడు వానలు దంచికొట్టి సరస్సు నిండుగా ఉంటే రోడ్డు పక్కన ఒక్కటీ ఉండదు, ఎక్కడో తిప్పల దగ్గర గులాబీ గీతలా కనిపిస్తాయి. నీళ్ళు తగ్గుతున్న కొద్దీ దగ్గరికొస్తాయి. అందుకే జనవరి చివర, ఫిబ్రవరి నాకు ఎక్కువ ఇష్టం. బయల్దేరే ముందు సూళ్ళూరుపేటలో ఎవరినైనా నీళ్ళెలా ఉన్నాయో అడిగి కనుక్కోండి. ఎండాకాలానికి ఈ ఉత్తరం వైపంతా ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంటుంది, అప్పుడొచ్చి ఇదేం సరస్సు అని తిట్టుకుని పోయేవాళ్ళూ ఉన్నారు.

రెండోది వెలుతురు. ఈ రోడ్డు పడమర నుంచి తూర్పుకి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఉదయమైనా సాయంత్రమైనా రోడ్డుకి ఉత్తరం వైపున్న పక్షుల మీదే వెలుగు పడుతుంది, దక్షిణం వైపున్నవి నల్లటి నీడల్లా ఉంటాయి. పాపకి గులాబీ రంగు కనిపించాలంటే శ్రీహరికోట వైపు పోయేటప్పుడు ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. బూడిద రంగువి కనిపిస్తే అవి వేరే పక్షులు కావు, పిల్ల ఫ్లెమింగోలే, తినే తిండిలోంచి రంగు పట్టడానికి వాటికి ఏళ్ళు పడుతుంది. నేలపట్టులో గూళ్ళు చూశాక ఇక్కడ ఫ్లెమింగో గూళ్ళేవని పాప అడుగుతుంది, అవి గుజరాత్‌లో కచ్ రణ్ లాంటి చోట గుడ్లు పెడతాయి, పులికాట్‌కి వచ్చేది తిండికే.

సగం దారిలో అటకానితిప్ప వస్తుంది, అక్కడ ఆగొచ్చు. రోడ్డు దిగి బురదలోకి మాత్రం పోవద్దు, పైన ఎండినట్టే ఉంటుంది, కింద మెత్తగా ఉండి కాలు దిగబడిపోతుంది. డ్రోన్ ఊసెత్తొద్దు, అటు పక్షుల అభయారణ్యం, ఇటు షార్. రాకెట్ ప్రయోగం ఉందేమో కూడా చూసుకోండి, ఆ రోజు ఈ రోడ్డు మీద ఆంక్షలుంటాయి.

ఉబ్బలమడుగు వదిలేయండి. అది కొండల్లో నడక, అమ్మగారితో అవ్వదు. అది పెట్టుకుంటే సాయంత్రం వెలుగులో సరస్సు దగ్గర గడపాల్సిన సమయమంతా పోతుంది.

చెన్నై తెలుగు:

బోటు కావాలంటే రెండు దారులు. మన వైపు తడ దగ్గర భీమునివారిపాళెం, తమిళనాడు వైపు పళవేర్కాడు. పళవేర్కాడులో డచ్చివాళ్ళ పాత సమాధులు చూడదగ్గవి, వాళ్ళు అక్కడ 1613లో కోట కట్టారు. కానీ సూళ్ళూరుపేట నుంచి రోడ్డు మీద సరస్సంతా చుట్టుకుని పోవాలి, మీ ఒక్క రోజులో కుదరదు. భీమునివారిపాళెం అయితే దగ్గరే, పాపకి సరదాగా ఉంటుంది, ఆ రోజు బోట్లు తిరుగుతున్నాయో లేదో ముందే కనుక్కోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. 2011 డిసెంబర్ 25న పళవేర్కాడులో పడవ తిరగబడి 22 మంది చనిపోయారు, పండగ రోజు విహారానికి వచ్చిన కుటుంబాలవాళ్ళు. సరస్సు చూస్తే నడుము లోతే కదా అనిపిస్తుంది, కానీ సముద్రంలో కలిసే మొగల దగ్గర అలా ఉండదు. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కొద్దు, జాకెట్ ఉన్నా ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి. పాపకి సరిపోయే సైజు జాకెట్ లేకపోయినా అంతే.

కెమెరా సంచి:

చెన్నై తెలుగు గారూ, జాకెట్ల మాట సరిగ్గా చెప్పారు. నా మటుకు బోటే వద్దంటాను. బోటు ఎక్కినవాళ్ళందరూ డ్రైవర్‌ని ఇంకా దగ్గరికి పోనీ పోనీ అంటారు, ఇంజన్ చప్పుడుకి గుంపంతా ఒక్కసారి లేస్తుంది, అందరూ అది చూడటానికే వచ్చామన్నట్టు సంబరపడతారు. తిండి కోసం అంత దూరం ఎగిరొచ్చిన పక్షులు రోజుకి పదిసార్లు అలా లేస్తే తిన్నదంతా ఎగరడానికే సరిపోతుంది. రోడ్డు మీద కారులో కూర్చుంటే అవి మనల్ని పట్టించుకోవు, పావుగంట కదలకుండా ఉంటే మేస్తూ మేస్తూ అవే దగ్గరికొస్తాయి, బాతుల్లా వాటిలో అవి చేసుకునే గోల కూడా వినిపిస్తుంది.

చెన్నై తెలుగు:

అది ఒప్పుకుంటాను. కానీ బోట్లు నడుపుకుని బతికేవాళ్ళు కూడా ఈ సరస్సు మీద ఆధారపడ్డ మత్స్యకార కుటుంబాలవాళ్ళే. సముద్రపు మొగలు ఇసుక మేటలతో పూడుకుపోయి చేప, రొయ్య తగ్గాక వాళ్ళకి ఇదొక ఆసరా. ఫ్లెమింగోలు ఉన్న వైపు కాకుండా వేరే వైపు తిప్పమని మనమే అడిగితే వాళ్ళకి బేరం పోదు, పక్షులకీ ఇబ్బంది ఉండదు.

దొరవారిసత్రం వాసి:

ఫెస్టివల్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇది 2001 నుంచి జరుగుతోంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగి మళ్ళీ 2025లో జనవరి 18 నుంచి 20 దాకా చేశారు. తేదీలు ఏటా మారతాయి, చూసుకుని రండి. స్టాళ్ళు, పాటలు, డాన్సులు, చుట్టుపక్కల బడిపిల్లలంతా వస్తారు, మా ప్రాంతానికి అదో పెద్ద పండగ, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఊళ్ళో ఉండి ఎప్పుడూ వాచ్‌టవర్ ఎక్కని పిల్లలు ఆ రోజే మొదటిసారి టెలిస్కోపులో గూడబాతు కన్ను చూస్తారు. కానీ మీరు హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని వస్తున్నది పక్షుల కోసం. ఆ పండగ రోజులు వదిలేసి మామూలు రోజున రండి, అందులోనూ ఆదివారం కాకుండా.

మియాపూర్ అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఉబ్బలమడుగు తీసేశాను. బోటు కూడా ఈసారికి వద్దనుకున్నాం, నాన్న ఆ 22 మంది సంగతి చదివి ఇక మాట్లాడలేదు. ఇప్పుడు ప్లాన్ ఏంటంటే, జనవరి చివరి వారంలో మంగళవారం ఉదయం నేలపట్టు, పదకొండుకల్లా సూళ్ళూరుపేట, మధ్యాహ్నం అమ్మానాన్నలకి కాస్త విశ్రాంతి, సాయంత్రం నాలుగింటి నుంచి శ్రీహరికోట రోడ్డు, రాత్రికి సూళ్ళూరుపేటలోనే ఉండి మర్నాడు పొద్దున్నే ఇంకోసారి ఆ రోడ్డు మీదికెళ్ళి అప్పుడు తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం ఖాళీలో అమ్మ గుడికి వెళ్దామంటోంది, దగ్గర్లో ఏదైనా ఉందా? పాపకి బైనాక్యులర్స్ కొనాలా, ఏవి కొనాలి?

దొరవారిసత్రం వాసి:

ఇప్పుడు బాగుందక్కా. గుడంటే చెంగాళమ్మ ఉంది కదా, సూళ్ళూరుపేటలోనే కాళంగి నది ఒడ్డున. రాకెట్ పంపే ముందు ఇస్రో పెద్దలు వచ్చి పూజ చేయించుకునేది ఆ అమ్మవారికే. రాత్రిపూట కూడా గుడి తలుపులు మూయరు, కాబట్టి మీ అమ్మగారు ఎండ తగ్గాక వెళ్ళినా, మర్నాడు తెల్లవారుజామున వెళ్ళినా పర్వాలేదు. భోజనం సూళ్ళూరుపేటలోనే చేయండి, నేలపట్టు దగ్గర పెద్దగా ఏమీ దొరకదు, నీళ్ళ సీసాలూ పాపకి తినడానికీ ఏమైనా వెంట ఉంచుకోండి. ఖాళీ కవర్లు మళ్ళీ కారులోనే వేసుకోండి.

కెమెరా సంచి:

బైనాక్యులర్స్ తప్పకుండా ఉండాలి, అవి లేకుండా ఫ్లెమింగో గుంపు దూరం నుంచి గులాబీ మరక లాగే ఉంటుంది. 8x42 అని రాసి ఉన్నవి తీసుకోండి. 10x అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుందని షాపువాళ్ళు అంటగడతారు, పిల్లల చేతుల్లో అవి వణికి ఏమీ ఆనదు. వచ్చే ముందే ఇంటి బాల్కనీలో పావురాల మీద గురి కుదుర్చుకోవడం పాపకి నేర్పించండి, అక్కడికొచ్చాక నేర్చుకుంటూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. అందరూ ఎర్రవీ తెల్లవీ కాకుండా ఆకుపచ్చ, ఖాకీ లాంటి బట్టలు వేసుకోండి. కారు మాట్లాడేటప్పుడే డ్రైవర్‌కి చెప్పి పెట్టండి, సరస్సు రోడ్డు మీద పాటలు ఆపాలని, అనవసరంగా హారన్ కొట్టొద్దని, అడిగినచోట పక్కకి తీసి ఇంజన్ ఆపాలని. ముందే ఒప్పుకున్న డ్రైవరైతే ఆగిన ప్రతిసారీ విసుక్కోడు.