క్రోమ్‌హైడ్రోసిస్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: చర్మవ్యాధుల మీద వ్యాసం రాస్తున్నాను. చెమట పసుపుగానో, ఆకుపచ్చగానో, నీలంగానో, నల్లగానో వచ్చే అరుదైన స్థితి ఒకటుంది, పేరు క్రోమ్‌హైడ్రోసిస్. గ్రీకులో క్రోమా అంటే రంగు, హిడ్రోస్ అంటే చెమట. ‘వర్ణస్వేదం’ అనొచ్చాండీ?

జవాబు: వద్దండీ. వర్ణం అనగానే అక్షరం, కులం కూడా గుర్తొస్తాయి. పైగా మీ వ్యాసం వెతుక్కుని చదివేది ఈ ఇబ్బంది పడుతున్న మనిషే కావచ్చు. ‘రంగు చెమట’ అంటే ఇట్టే అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క మాట చాలదు, ఎందుకంటే రంగు ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఒళ్లంతా చెమట పట్టించేవి ఎక్రైన్ గ్రంథులు. అపోక్రైన్ గ్రంథులు వేరు. అవి చంకల్లో, చనుమొనల చుట్టూ ఉంటాయి, కొందరికి బుగ్గల మీద కూడా. యుక్తవయసులోనే పని మొదలుపెడతాయి. వాటిలో లైపోఫసిన్ అనే రంగు పదార్థం పేరుకుంటే చెమట రంగుతోనే బయటికొస్తుంది. లైపోఫసిన్ ఎంత ఆక్సీకరణ చెందితే రంగు అంత ముదురుతుంది. ‘రంగు చెమట’ అన్న పేరు దీనికే ఉంచుదాం.

రెండో రకంలో చెమట మామూలుగానే వస్తుంది. చర్మం మీదికొచ్చాక కొరినిబాక్టీరియం లాంటి సూక్ష్మజీవుల వల్లో, బట్టల అద్దకం వల్లో, రాగి వల్లో రంగు మారుతుంది. వైద్యులు దీన్ని సూడోక్రోమ్‌హైడ్రోసిస్ అంటారు, సూడో అంటే నకిలీ. దయచేసి ‘నకిలీ రంగు చెమట’ అని మాత్రం రాయకండి, ఆ మనిషి నటిస్తున్నట్టు వినిపిస్తుంది. ‘రంగు పట్టిన చెమట’ అందామంటే, చెమట కూడా పట్టేదే కదా, చెవికి గజిబిజి. ‘రంగంటిన చెమట’ నాకు నచ్చింది. అంటుకునేది ఎప్పుడూ బయటినుంచే.

ప్రశ్న: మరి క్షయకిచ్చే రిఫాంపిసిన్ మందు వాడేవాళ్ల చెమట నారింజ రంగులో వస్తుందే? అది లోపలినుంచేగా?

జవాబు: లోపలినుంచే, కానీ గ్రంథి తయారుచేసిన రంగు కాదది. మందు రంగే చెమటలో, మూత్రంలో, కన్నీళ్లలో దిగుతుంది. ‘మందు వల్ల వచ్చే రంగు చెమట’ అని విడమరిచి రాస్తే సరి, వేరే పేరెందుకు? నెత్తుటి చెమటను మాత్రం వీటిలో కలపొద్దు. అది హెమటోహైడ్రోసిస్, పూర్తిగా వేరు.

ఇంకోటి, చికిత్స గురించి రాసేటప్పుడు ‘నయమవుతుంది’ అనకండి. కాప్సైసిన్ (మిరపలోని ఘాటు పదార్థం) క్రీము, బొటులినమ్ (బొటాక్స్) ఇంజెక్షన్ కొందరికి గుణమిస్తాయి, ఆపేస్తే మళ్లీ రావచ్చు. ‘తగ్గుతుంది’ అంటే చాలు.

ప్రశ్న అడిగినవారు: రెండు పేర్లూ తీసుకుంటున్నానండీ. పక్కనే వైద్యుల మాట కూడా తెలుగు లిపిలో ఇస్తాను, డాక్టరు దగ్గర చెప్పుకోవడానికి పనికొస్తుంది.