బ్లేడ్ బ్యాచ్‌లకు పేదరికమే కారణమా?

కృష్ణలంక కుర్రాడు:
మా విజయవాడలో మళ్ళీ బ్లేడ్ బ్యాచ్ (బ్లేడ్లు, కత్తులు పట్టుకు తిరిగే కుర్రాళ్ళ గుంపు) కత్తిపోట్ల వార్త. కింద కామెంట్లన్నీ "ఆ పేటల వాళ్ళింతే" అనే. చదువు మానేసి, పని దొరక్క తిరిగేవాళ్ళే కదా ఇందులోకి దిగేది? పేదరికాన్ని వదిలేసి పేటల్ని తిట్టడమేంటి?

గాంధీనగర్ బాబాయి:
బీదవాళ్ళంతా కత్తులు పట్టారా నాయనా? మా నాన్న వన్‌టౌన్‌లో మూటలు మోసి ముగ్గుర్ని చదివించాడు. నలుగుర్ని లోపలేస్తే అందరూ దారికొస్తారు.

తెనాలి ప్లీడరు:
బాబాయి గారూ, మొదటి మాట ఒప్పుకుంటా. మా పక్కనే చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. దాని వెనక ఆకలి లేదు, కుల పెత్తనం ఉంది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది.

రెండో మాటతోనే పేచీ. లోపలుండిపోయేది ఎవరు? బెయిలు వచ్చినా ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. ఇంటి పన్ను రసీదు తెమ్మంటారు. అద్దె గదిలో ఉండే సెంట్రింగ్ కూలీకి అది ఎక్కడిది? సొంతిల్లున్న మేనమామ "కోర్టు గుమ్మం నేనెక్కను" అంటాడు. ఆర్డరు చేతిలో ఉన్నా కుర్రాడు జైల్లోనే. అదే సెక్షను కింద షోరూము ఓనరు కొడుకు అన్నం వేళకి ఇంట్లో ఉంటాడు. దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, శిక్ష పడినవాళ్ళు కాదు. బయటికొచ్చేసరికి మేస్త్రి ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. అప్పుడు పిలిచి బిర్యానీ పెట్టించేది ఎవరో తెలుసుగా? సెటిల్‌మెంట్లు చేసే అన్న! అన్న పేరు మాత్రం ఎఫ్ఐఆర్‌లో ఉండదు.

ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు (2007) గుర్తుందా? పేదింటి కుర్రాడికి 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. ఆ ఏళ్ళు ఎవరిస్తారు?

గాంధీనగర్ బాబాయి:
సరే, పోటు తిన్నవాడి సంగతి?

తెనాలి ప్లీడరు:
తిన్నవాడూ ఎక్కువసార్లు ఆ పేటవాడే. వాయిదాకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. నాలుగు వాయిదాలకి విసిగి రాజీకొస్తాడు, లేదా సాక్ష్యం మార్చేస్తాడు. కాబట్టి అతనికీ ఒక ప్లీడరు కావాలి. ఇద్దరికీ ఉచితంగా ప్లీడర్ని పెట్టే న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. మీ వీధిలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.