"వాప్" తిట్టులో గకారం ఏమైంది?

సుధ: అమెరికా రచయిత జాన్ ఫాంటే 1933లో రాసిన 'ది ఒడిస్సీ ఆఫ్ ఎ వాప్' కథ చదివినవాళ్ళున్నారా? వాప్ అంటే అమెరికాలో ఇటలీవాళ్ళని కించపరిచే తిట్టు. పిల్లాడు పళ్ళు తోముకోకపోయినా, టోపీ కొక్కేనికి తగిలించకపోయినా "వాప్‌లా తయారవకు" అని కసురుతారు. కసిరేది తల్లా, నాయనమ్మా? ఆ తిట్టుని తెలుగులో ఏమనాలి?

రామ్మూర్తి: తల్లేనమ్మా. ఆవిడా ఇటలీ కుటుంబంలో పుట్టిందే, అక్కడే ఉంది దెబ్బంతా. వీధిలో ఎవడో అంటే తిరగబడొచ్చు, అమ్మే అంటే? వాప్ అంటే "వితవుట్ పాస్‌పోర్ట్" కాబట్టి 'కాగితాల్లేనివాడు' అనేయండి.

ఫణి: మాస్టారూ, ఆ పాస్‌పోర్ట్ కథ తర్వాత అతికించింది. అమెరికాలో దిగడానికి పాస్‌పోర్ట్ తప్పనిసరి అయింది మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో. తిట్టు అంతకంటే పాతది. ఇటలీలో నేపుల్స్ వైపు 'గ్వాప్పో' అంటే జులాయి, వీధి రౌడీ. వాప్ దాన్నుంచే. చివరి అచ్చు అక్కడివాళ్ళు సగం మింగేస్తారు.

వసంత: అదేమిటి? అజంతమనే కదా తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నారు! మనం బస్సుకీ కారుకీ కూడా ఉకారం తగిలిస్తుంటే వాళ్ళు ఉన్నదాన్ని మింగుతారా?

ఫణి: పుస్తకాల ఇటాలియన్ వేరు, నేపుల్స్ యాస వేరు.

రామ్మూర్తి: అచ్చు మింగారు సరే, ముందున్న గకారం?

ఫణి: సిసిలీలో 'వప్పు' అంటారు. గకారం లేదు.

రామ్మూర్తి: అలా రండి దారికి! లాటిన్‌లో 'వప్పా' అంటే చప్పబడిపోయిన ద్రాక్షసారా. పనికిమాలినవాణ్ణి రోమన్ కవి హొరేస్ ఆ మాటతోనే తిట్టాడు. నా ఓటు దానికే.

వసంత: హొరేస్ దాకా ఎందుకు గానీ, ఫాంటేని మనదాకా తెచ్చింది అమెరికా రచయిత బుకోవ్‌స్కీ. లాస్ ఏంజెలెస్ లైబ్రరీలో ఫాంటే నవల 'ఆస్క్ ది డస్ట్' దొరికి, ఫాంటే నా దేవుడన్నాడు. 1980లో అది మళ్ళీ అచ్చయినప్పుడు ముందుమాట ఆయనదే. ఆ ముందుమాట కోసమే నేను పుస్తకం కొన్నాను, నవల తర్వాత చదివాను.

ఫణి: బుకోవ్‌స్కీ అభిమానులందరూ అంతే. ఫాంటేదే 1938 నాటి నవల 'వెయిట్ అంటిల్ స్ప్రింగ్, బాందీనీ' ముందు చదవాలి. తండ్రి తాపీమేస్త్రీ, మంచు పడితే పని బంద్. ఇంట్లో అప్పులు, కొట్టువాడి ముందు తలవంపులు. ఫాంటే తండ్రీ కొలరాడోలో తాపీపని చేసినవాడే.

సుధ: అందరికీ దండం. 'బైతు' అంటే ఎలా ఉంటుంది?

వసంత: బైతు ఏ ఊళ్ళోనైనా ఉంటాడు. ఇందులో జాతి పేరు పెట్టి తిట్టడం ఉంది కదా.

రామ్మూర్తి: 'గ్వ' వకారమయ్యే మాటలు సిసిలీలో ఇంకేమైనా ఉన్నాయా ఫణీ? ఒక్కటి చాలదు.