కోర్ట్ మార్షల్‌కు బయటి న్యాయవాది కావాలా, యూనిట్ ఇచ్చే ఆఫీసరు చాలునా?

బొల్లారం నివాసి:
మా బావమరిది సైన్యంలో హవల్దారు. పింఛనుకు కావలసిన పదిహేనేళ్ల సర్వీసు నిండడానికి ఇంకా కొద్ది నెలలే ఉంది. ఉత్తరాదిన అతడు పనిచేసే యూనిట్‌లో స్టోరు సామాను తగ్గిందని కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ (సైన్యపు అంతర్గత విచారణ) జరిపి, ఇప్పుడు సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌కు, అంటే కోర్ట్ మార్షల్‌కు ముందు సాక్షుల వాంగ్మూలాలు రాసుకునే ప్రక్రియకు, ఆదేశించారు. ఆర్మీ చట్టం 52వ సెక్షన్ కింద, అంటే ప్రభుత్వ సొత్తు స్వాహా చేశాడని, అభియోగం మోపవచ్చునట. ముద్దాయి తరఫున వాదించడానికి యూనిట్ ఇచ్చే ఆఫీసరుతోనే సరిపెట్టుకోవాలని, బయటి వకీలును దించితే పైవారికి కంటగింపు అవుతుందని మా మామగారు అంటున్నారు. నా భార్య మాత్రం నగలు తాకట్టు పెట్టయినా హైకోర్టులో పేరున్న లాయరును మాట్లాడుదామంటోంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మాజీ సుబేదార్:
మీ మామగారి మాటే సబబు. జనరల్, డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌లలో, అంటే పలువురు అధికారులు కూర్చుని విచారించే సైనిక కోర్టుల్లో, ముద్దాయి తరఫున ఒక సైనికాధికారి వాదించే వీలును 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 95వ నియమమే కల్పించింది. లెడ్జరు ఎలా రాస్తారో, ఇష్యూ వోచరు మీద ఎవరెవరు సంతకం పెడతారో, ఛార్జి అప్పగించిన నాడు సామాను నిజంగా లెక్కపెట్టారో లేక కాగితం చూసి సంతకాలు కానిచ్చారో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాంపల్లి కోర్టులో సాక్షిని గద్దించి నిలదీసే పద్ధతి యూనిఫారంలో కూర్చున్న అధికారుల ముందు బెడిసికొట్టడం నేను కళ్లారా చూశాను. ఫీజుకు తోడు రానుపోను ఖర్చులు, బస ఖర్చులు కలిస్తే జవాను కుటుంబం అప్పులపాలవుతుంది.

నాంపల్లి న్యాయవాది:
లెడ్జరు గురించి సుబేదార్ గారు చెప్పినది అక్షరాలా నిజం. ఆ పరిజ్ఞానం మా వృత్తిలో చాలామందికి లేదు. అయితే ఆయన చెప్పిన 95వ నియమం ఈ హవల్దారు దాకా రాకపోవచ్చు. నాన్ కమిషన్డ్ ఆఫీసరు గనుక అతడిని కమాండింగ్ ఆఫీసరే సమ్మరీ కోర్ట్ మార్షల్ కింద విచారించవచ్చు. 52వ సెక్షన్ అభియోగానికి పైవారి అనుమతి కోసం ఆగనక్కరలేదు కూడా. అక్కడ కోర్టు అంటే కమాండింగ్ ఆఫీసరు ఒక్కరే. హాజరయ్యే మిగతా ఇద్దరికీ తీర్పులో పాత్ర లేదు. ఆయన లెఫ్టినెంట్ కల్నల్ లేదా అంతకు పై హోదాలో ఉంటే ఏడాది దాకా జైలు, దానితోపాటు డిస్మిసల్ విధించవచ్చు. 129వ నియమం ప్రకారం ముద్దాయి న్యాయవాదిని పక్కన ఉంచుకోవచ్చు గాని, ఆ న్యాయవాది సలహా ఇవ్వవచ్చు, ప్రశ్నలు సూచించవచ్చు, అంతే. సాక్షిని తాను ప్రశ్నించకూడదు, కోర్టుతో మాట్లాడకూడదు. నోరు విప్పే వీలులేని గదికి సీనియర్ లాయరును విమానంలో తీసుకువెళ్లడం డబ్బు దండుగ.

నా మాట వింటే ఖర్చు ఇప్పుడే, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ మొదలుకాక ముందే పెట్టండి. 23వ నియమం కింద సాక్షులను ముద్దాయే స్వయంగా క్రాస్ ఎగ్జామిన్ చేసుకోవాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేసుకోవాలి. వాంగ్మూలాలు ఇంగ్లీషులో రాసుకుంటారు; ఆ భాష రానివారికి వచ్చిన భాషలో వినిపించాలి. చివర ముద్దాయిని, ఏమైనా చెప్పదలచుకున్నావా, చెప్పి తీరాలని లేదు, చెబితే రాసుకుంటాం, అది సాక్ష్యం కావచ్చు అన్న హెచ్చరికతో అడుగుతారు. పైవారి ముందు అలవాటుగా "తప్పయింది సార్" అన్న మాట అక్కడ రికార్డుకెక్కితే దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. స్టోరు తాళంచెవులు ఇంకెవరి దగ్గర ఉండేవి, స్టాకు చివరిసారి ఎవరు సరిచూశారు, ఆనాటి రిజిస్టరు ఏది అన్న ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లాలి. వాటిని సిద్ధం చేయించడానికి సైనిక కేసులు చూసిన న్యాయవాది కావాలి. ఆయన హైకోర్టులో ఎంత పేరున్నవాడన్నది నాకు పట్టదు.

మాజీ సుబేదార్:
అడుగడుగునా ఎదురు ప్రశ్న వేసేవాడి మీద కమాండింగ్ ఆఫీసరుకు దయ మిగలదు. తప్పు ఒప్పుకుని, ర్యాంకు తగ్గినా ఉద్యోగం నిలబెట్టుకున్నవారు నాకు తెలుసు.

నాంపల్లి న్యాయవాది:
ఒప్పుకుంటే డిస్మిస్ చేయబోమని ఎవరైనా రాసిస్తారా? నేరం ఒప్పుకున్నవాడికి అభియోగమేమిటో, ఒప్పుకుంటే ఏమవుతుందో కోర్టు వివరించి తీరాలని 115వ నియమం చెబుతోంది. అది కూడా తనకు శిక్ష వేయబోయే అధికారి నోటనే వినాలి. సైన్యపు పింఛను నిబంధనల ప్రకారం డిస్మిస్ అయినవాడికి మామూలుగా గత సర్వీసు మీద పింఛనూ గ్రాట్యుటీ రావు. ఇక దయ సంగతి. రంజిత్ ఠాకూర్ కేసులో ఒక సిగ్నల్‌మ్యాన్ తన అధికారి మీద పైవారికి ఫిర్యాదు చేశాడు. తరువాత అన్నం తినమన్న ఆజ్ఞ మీరాడని, ఆ అధికారే పాల్గొన్న సమ్మరీ కోర్ట్ మార్షల్ ఏడాది కఠిన కారాగారం, డిస్మిసల్ విధించింది. పక్షపాతం ఉందని, శిక్ష తప్పుకు మించిందని 1987లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అందరు అధికారులూ అలాంటివారని నేననను. కానీ నగలు తాకట్టు పెట్టే కుటుంబం ఒకరి మంచితనాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

తిరుమలగిరి గృహిణి:
మేము శిక్ష పడ్డాకే లాయరు దగ్గరికి వెళ్లాం. ఆయన రికార్డు తిరగేసి, ప్రతి సాక్షి వాంగ్మూలం కిందా "క్రాస్ ఎగ్జామినేషన్ డిక్లైన్డ్" (ఎదురు ప్రశ్నలు వేయనన్నాడు) అని ఉండటం, దాని కింద మావారి సంతకం ఉండటం చూపించారు. ఆ మాటకు అర్థం మావారికి ఆనాడు తెలియదు. ఇప్పుడు మాకు మిగిలిన దారి ఏమిటి?

నాంపల్లి న్యాయవాది:
అమ్మా, డిస్మిసల్ గాని, మూడు నెలలకు మించిన జైలు గాని పడి ఉంటే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తెలంగాణ దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టును కూడా ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. ఆ సంతకాలు పెట్టే ముందు వాంగ్మూలాలను ఆయనకు వచ్చిన భాషలో వివరించారా అన్నది మీ లాయరు గట్టిగా పట్టుకోవలసిన విషయం.

బొల్లారం నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. సికింద్రాబాద్‌లో సైనిక కేసులు చూసే ఒక న్యాయవాదితో సలహా వరకే ఫీజు మాట్లాడుతున్నాం. స్టోరు పద్ధతుల మీద ప్రశ్నలు మామగారే రాస్తానన్నారు, గొణుగుతూనే. రిజిస్టరు పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని బావమరిదికి చెప్పవచ్చునా?

నాంపల్లి న్యాయవాది:
పొరపాటున కూడా చెప్పకండి. అధికారిక పత్రాలను బయటికి పంపాడని ఇంకో అభియోగం నెత్తిన పడగలదు. ఏ తేదీన ఏ రిజిస్టరులో ఏముందో గుర్తున్నంత వరకు రాసుకోమనండి. ఆ రిజిస్టర్లను రికార్డులోకి తెప్పించమని సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ నమోదు చేసే అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు తన దగ్గర ఉంచుకోమనండి.

మాజీ సుబేదార్:
ఈ ఒక్క విషయంలో వకీలుగారితో ఏకీభవిస్తున్నాను. అర్జీ నకలు మీద తేదీతో సహా ముట్టినట్లు సంతకం తీసుకోవడం మరువవద్దు.