జాగ్వార్ సీ-ఎక్స్75లో టర్బైన్లు ఎందుకు తీసేశారు?

ప్రశ్న:
జాగ్వార్ తన 75 ఏళ్ల సందర్భంగా 2010 పారిస్ మోటార్ షోలో చూపించిన సీ-ఎక్స్75 కాన్సెప్ట్ (ప్రదర్శనకి చేసిన నమూనా కారు) అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు, ఒక్కోటి 145 కిలోవాట్లు, మొత్తం 580, అంటే దాదాపు 778 హార్స్‌పవర్. సీట్ల వెనక రెండు బుల్లి గ్యాస్ టర్బైన్లు (ఇంధనం మండిన వేడి గాలి బ్లేడ్లని తిప్పే ఇంజన్లు), నిమిషానికి 80 వేల చుట్లు తిరిగేవి. వాటికీ చక్రాలకీ సంబంధమే లేదు, జనరేటర్లు తిప్పి కరెంటు ఇవ్వడమే వాటి పని. అంత మంచి ఐడియాని, విలియమ్స్ ఫార్ములా వన్ వాళ్లతో కలిసి అమ్మకానికి తయారు చేద్దామనుకున్నప్పుడు పక్కన పెట్టి, 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ తెచ్చారు. ఎందుకండీ? ఒకే వేగంతో తిరగడం టర్బైన్‌కి బాగా పడుతుంది, ఇందులో కావలసిందీ అదే కదా?

జవాబు 1:
ఆ మాట నిజమే. 1960ల్లో క్రైస్లర్ 50 టర్బైన్ కార్లు జనానికి వాడి చూడమని ఇచ్చినప్పుడు, పెడల్ తొక్కాక టర్బైన్ వేగం అందుకునేదాకా ఆగాల్సి రావడం పెద్ద ఇబ్బంది. సీ-ఎక్స్75కి ఆ గొడవ లేదు, ఎందుకంటే చక్రాలు తిప్పేది మోటార్లు.

కానీ టర్బైన్‌ని చిన్నది చేసేకొద్దీ అది ఇచ్చే పవర్‌తో పోలిస్తే ఇంధనం ఎక్కువ తాగుతుంది. బ్లేడు కొసకీ బయటి కేసింగ్‌కీ మధ్య సన్నటి సందు వదలాలి, లేకపోతే వేడికి సాగి రాసుకుంటుంది. విమానం ఇంజన్‌లో బ్లేడు పొడుగ్గా ఉంటుంది కాబట్టి దానితో పోలిస్తే ఆ సందు చాలా చిన్నది. బ్లేడు చిన్నదైపోయినా సందుని అదే పాళ్లలో తగ్గించలేం, దాంతో గాలిలో చెప్పుకోదగ్గ భాగం పని చెయ్యకుండానే జారిపోతుంది. పొగతో పోయే వేడిని పట్టి లోపలికొచ్చే గాలికి ఇస్తే కొంత కలిసొస్తుంది గానీ, దానికి పెట్టే హీట్ ఎక్స్ఛేంజర్ బరువు, చోటు రెండూ తింటుంది. ఒక్కో టర్బైన్ 35 కిలోలే అన్నది దాని అసలు గొప్ప, అది కాస్తా పోతుంది.

జవాబు 2:
పైన చెప్పింది సరైనదే, కానీ నా దృష్టిలో అసలు చిక్కు ఇంకోటి. లెక్క వేసి చూడండి. ఒక్కో టర్బైన్ 70 కిలోవాట్లు, రెండూ కలిపి 140. మోటార్లు అడిగేది 580. మిగతా 440 బ్యాటరీయే ఇవ్వాలి, బ్యాటరీ చూస్తే 19.6 కిలోవాట్ అవర్లు. నిండా తొక్కి పట్టుకుంటే రెండు నిమిషాల నలభై సెకన్లకి ఖాళీ. రోడ్డు మీద అంతసేపు ఎవరూ తొక్కరు, బ్రేక్ వేసినప్పుడల్లా కొంత వెనక్కి వస్తుంది కూడా. కానీ ట్రాక్ మీద ల్యాప్ తర్వాత ల్యాప్ తిప్పితే ఏదో ఒక దశలో మీ చేతిలో మిగిలేది 188 హార్స్‌పవర్ కారు. కాన్సెప్ట్ బరువు 1350 కిలోలు. సూపర్ కార్ కొన్నవాడు దానికి ఒప్పుకుంటాడా?

జవాబు 3:
ఆ 1.6 ఇంజన్‌ని మాత్రం తక్కువగా చూడకండి! ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోయడానికి కింది వేగాల్లో సూపర్‌చార్జర్, పైకి వెళ్లాక టర్బో, 10 వేల ఆర్‌పీఎం దాకా లాగుతుంది, 500 హార్స్‌పవర్ పైమాటే. లీటరుకి మూడొందలు దాటినట్టు! బ్యాటరీ అయిపోయినా అది నేరుగా చక్రాలు తిప్పుతుంది. 250 కార్లు చేద్దామనుకుని 2012 డిసెంబరులో ఆపేశారు, అదొక్కటే నాకు తీరని బాధ. ప్రోటోటైపులు నడిచాయి, ఇంజనీరింగ్ చాలావరకు పూర్తయింది, ఆగిపోయింది ఆర్థిక పరిస్థితి వల్ల.

ప్రశ్న వేసినవారు:
బ్యాటరీ లెక్క చూశాక విషయం అర్థమైంది, థాంక్సండీ. మరి హైవే మీద నిలకడగా పోయేటప్పుడు ఒక్క టర్బైన్ సరిపోయేది కదా?

జవాబు 2:
సరిపోవడమేంటి, ఎక్కువే. అలాంటి కారు గంటకి 120లో పోవడానికి పాతికో ముప్ఫయ్యో కిలోవాట్లు చాలు. టర్బైన్‌ని సగం పవర్ మీద నడిపితే ఇంధనం దండగ, కాబట్టి ఒక్కదాన్నే నిండా తిప్పి, మిగిలిన కరెంటు బ్యాటరీలో వేసుకుని, ఆ తర్వాత దాన్ని ఆపేసి కాసేపు బ్యాటరీ మీద పోవడం మేలు. ఒక పెద్ద టర్బైన్‌కి బదులు రెండు చిన్నవి పెట్టడంలో నాకు బాగా నచ్చింది ఈ వెసులుబాటే.