ఉద్యోగంలో చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు, ఇవ్వొచ్చా?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ ఏడాదే ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాడు. మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయ్యాడు, సోమవారం చేరాలి. ఆఫర్ లెటర్ చివరి పేజీలో మాత్రం రెండేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలని, టెన్త్ మెమో నుంచి ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గరే ఉంచాలని రాశారు.

బాండ్ సంగతి కొంత చదివాను. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల సర్వీసు, 2 లక్షల షరతు చెల్లుతుందని చెప్పింది. కానీ అది ప్రభుత్వ రంగ బ్యాంకు, అక్కడ నియామకాలకయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ట్రైనింగే ఇవ్వని ప్రైవేటు కంపెనీకీ అదే వర్తిస్తుందా? ఒప్పందం తప్పితే సహేతుకమైన పరిహారం మాత్రమే ఇవ్వాలనే కదా కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ అంటోంది.

అసలు టెన్షన్ సర్టిఫికెట్ల గురించే. వాడు గ్రూప్స్‌కి కూడా చదువుతున్నాడు, వెరిఫికేషన్‌కి పిలిస్తే ఒరిజినల్స్ చూపించాలి. హెచ్‌ఆర్‌ని అడిగితే "అందరూ ఇస్తున్నారండీ" అంటున్నారు. నాన్నగారేమో చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోవద్దంటున్నారు.

ఒరిజినల్స్ చూపించి, సంతకం పెట్టిన జిరాక్సులు మాత్రమే ఇస్తామని మెయిల్ పెడితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారా? అలా అడిగి చేరినవాళ్లుంటే మెయిల్‌లో ఏం రాశారో దయచేసి చెప్పండి. ఇచ్చేసినవాళ్లు తిరిగి ఎలా తీసుకున్నారు?